కంపెనీ మతానికీ మా ఆవిడ లూప్‌కీ ఏమిటి సంబంధం? (ఇన్సూరెన్స్ ప్రశ్న)

ఒహాయో_రవి | 7 అక్టోబరు 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ చదివి పోయేవాడినే, రాయడం ఇదే మొదలు.

నేను ఒక కేథలిక్ హాస్పిటల్ గ్రూపులో ఐటీ సెక్షన్‌లో పని చేస్తాను. పేరు చెప్పను. ముందు కన్సల్టెన్సీ ద్వారా కాంట్రాక్టు, ఏడాదిన్నర నుంచి ఫుల్‌టైమ్. హెచ్‌1బీ వీళ్ళదే, గ్రీన్‌కార్డు కూడా వీళ్ళే వేస్తున్నారు. అంటే ఇప్పట్లో కదిలేది లేదు. మాకు ఇద్దరు పిల్లలు, చిన్నదానికి ఐదో నెల. డాక్టర్ మా ఆవిడకి లూప్ (గర్భం రాకుండా గర్భసంచిలో పెట్టేది) వేయించుకోమని రాశారు. అపాయింట్‌మెంట్‌కి ముందురోజు క్లినిక్ నుంచి ఫోను. మీ ప్లాన్ దీన్ని కవర్ చెయ్యదు, 1,140 డాలర్లు మీరే కట్టుకోవాలి అన్నారు.

ఒబామాకేర్ వచ్చాక ఇవన్నీ ఫ్రీ అని విన్నాను. పెద్దవాడు పుట్టాక పాత ప్లాన్‌లో మాత్రలకి ఒక్క డాలరు కూడా కట్టలేదు. హెచ్‌ఆర్‌కి మెయిల్ పెడితే ఒక్క లైను జవాబు: సంస్థ మతవిశ్వాసాల ప్రకారం గర్భనిరోధక సేవలు మా ప్లాన్‌లో ఉండవు.

నేను కేథలిక్ కాదు, మా ఆవిడా కాదు. ప్రీమియంలో నా వాటా ప్రతి జీతంలో కట్ అవుతూనే ఉంది. ఇది లీగలేనా? వేరే దారి ఏమైనా ఉందా?

పప్పుచారు | రాత్రి 9:52

లీగలే అన్నా. కాన్పు అయితే కవర్ చేస్తారు, కాన్పు ఆపుకుంటే చెయ్యరు. మూడోవాడికి ముందుగానే శుభాకాంక్షలు.

శిరీష_లా | రాత్రి 10:31

రవి గారూ, లీగలే. కానీ కథ పెద్దది, కాస్త ఓపిక పట్టండి.

2010లో వచ్చిన అఫర్డబుల్ కేర్ యాక్ట్‌లో (మీరన్న ఒబామాకేర్ అదే) గర్భనిరోధకాల మాటే ఎక్కడా లేదు. ఆడవాళ్ళ నివారణ సేవలకి పేషెంటు దగ్గర డబ్బు తీసుకోకూడదు అని మాత్రం ఉంది. ఆ సేవల్లో ఏవేవి వస్తాయో తేల్చే పని ఆరోగ్యశాఖలోని హెచ్‌ఆర్‌ఎస్‌ఏ అనే విభాగానికి వదిలేశారు. వాళ్ళు 2011 ఆగస్టులో ఇచ్చిన జాబితాలో, మందులకి అనుమతినిచ్చే ఎఫ్‌డీఏ ఆమోదించిన ఆడవాళ్ళ గర్భనిరోధక పద్ధతులన్నీ చేరాయి. గొడవకి మూలం అదే. చట్టంలోనే రాసి ఉంటే ఒక తీరుగా ఉండేది. ఆఫీసు జాబితాలో ఉండబట్టి ప్రభుత్వం మారినప్పుడల్లా మినహాయింపులు మారిపోతున్నాయి.

చర్చిలకి మొదటినుంచీ పూర్తి మినహాయింపు ఉంది. మతసంస్థలు నడిపే హాస్పిటళ్ళు, కాలేజీలు, వృద్ధాశ్రమాలకి 2013లో ఒక మధ్యేమార్గం పెట్టారు. మాకు అభ్యంతరం అని ఒక ఫారం నింపి ఇన్సూరెన్స్ కంపెనీకి ఇస్తే చాలు. సంస్థ పైసా పెట్టక్కర్లేదు, ఇన్సూరెన్స్ కంపెనీయే ఉద్యోగికి విడిగా కవరేజీ ఇస్తుంది. కాన్పు ఖర్చు ముందు మాత్రల ఖర్చెంత, వాళ్ళకీ నష్టం ఉండదని లెక్క వేశారు.

మీ హాస్పిటల్ ఈ మధ్యేమార్గంలో ఉందా, పూర్తి మినహాయింపు తీసుకుందా? ముందు అది కనుక్కోండి. మొదటిదైతే మీకు వేరే కార్డు రావాలి.

గుంటూరు_జోసఫ్ | రాత్రి 11:15

మాది గుంటూరు, ఆర్‌సీఎం (రోమన్ కేథలిక్) కుటుంబం. రవి గారి ఇబ్బంది నాకు తెలుస్తోంది. కానీ ఇక్కడ అందరూ ఒకవైపే మాట్లాడతారు, కాబట్టి రెండోవైపు నేను చెబుతాను.

లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ అని సిస్టర్లున్నారు. దిక్కులేని ముసలివాళ్ళని చేరదీసి చివరిదాకా చూసుకుంటారు. సికింద్రాబాద్‌లో కూడా వాళ్ళ ఆశ్రమం ఉంది. మా అమ్మ తరఫు పెద్దాయన ఒకరు అక్కడే కన్నుమూశారు, సొంత పిల్లలు కూడా అంత శుభ్రంగా చూసేవాళ్ళు కాదు. అమెరికాలో ఈ సిస్టర్లని ప్రభుత్వం శిరీష గారు చెప్పిన ఫారం మీద సంతకం పెట్టమంది. పెట్టకపోతే ఒక్కొక్క ఉద్యోగికి రోజుకి 100 డాలర్ల జరిమానా. ఫారమే కదా అని అందరూ నవ్వారు. కానీ ఆ సంతకం పడితేనే వాళ్ళ ప్లాన్ మీద ఆ పని మొదలవుతుంది. తలుపు మేం తియ్యకపోయినా తాళంచెవి మేమే ఇచ్చినట్టు కదా అని వాళ్ళ బాధ.

మీరు శాకాహారి అనుకోండి. మీ ఇంట్లో అద్దెకున్నవాడు చేపలు వండుకుంటే వాడిష్టం. కానీ చేపలవాడికి "ఈయనకి తెచ్చి ఇవ్వు" అని చీటీ మీ చేత్తో రాయాలంటే? చీటీయే కదా అని రాసిస్తారా?

ఇది కొత్తగా పుట్టిన అభ్యంతరం కూడా కాదు. 1968లో పోప్ ఆరవ పాల్ రాసిన లేఖలో స్పష్టంగా ఉంది. ఆ హాస్పిటల్లో చేరినప్పుడే గోడమీద సిలువ కనిపించి ఉండాలి.

నిజాంపేట్_కిరణ్ | 8 అక్టోబరు, ఉదయం 7:05

జోసఫ్ గారూ, చీటీ పోలిక బాగుంది. కానీ అద్దెకున్నవాడు చేపలకి డబ్బు తనదే పెట్టుకుంటున్నాడు. ఇన్సూరెన్స్ అనేది యజమాని చేసే దానం కాదు, జీతంలో భాగం. అసలు ఇది యజమాని చేతికి ఎలా వచ్చిందో చూడండి. 1942లో యుద్ధం రోజుల్లో జీతాలు పెంచకుండా అమెరికా చట్టం చేసింది. పనివాళ్ళు దొరక్క కంపెనీలు జీతం బదులు ఇన్సూరెన్స్ ఆశ చూపించాయి. 1954లో దానిమీద పన్ను లేదని చట్టంలోనే రాసేశారు. ఆ అలవాటే మిగిలిపోయింది. యుద్ధంనాటి ఈ ఏర్పాటు లేకపోతే మన లూప్ సంగతి బాస్‌కి ఎందుకు తెలియాలి?

రవి గారు అదే జీతంతో మందుల షాపులో మాత్రలు కొన్నారనుకోండి. ఆ పాపంలో హాస్పిటల్‌కి వాటా ఉందా? లేదంటే ఇన్సూరెన్స్‌కి మాత్రం ఎలా ఉంటుంది?

ఇక సిలువ సంగతి. హెచ్‌1బీ మీద ఉన్నవాడు గోడమీద ఏముందో చూసి చేరడు, వీసా ఎవరు వేస్తారో చూసి చేరతాడు.

పప్పుచారు | ఉదయం 7:11

కిరణన్నా, ఆ చివరి మాట టీషర్టు మీద వేయించు, నాకొకటి.

శర్మ_డల్లాస్ | ఉదయం 8:48

నాకు చిన్న వ్యాపారం ఉంది, 22 మంది పనిచేస్తారు. 50 మంది లోపు ఉంటే ఇన్సూరెన్స్ ఇవ్వాలన్న నిబంధనే లేదు. అయినా ఇస్తున్నాను. ఇస్తే మాత్రం ప్లాన్‌లో ఏముండాలో ప్రభుత్వం చెబుతుంది. ఇది నాకు నచ్చదు. గర్భనిరోధకాల మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు, మన ధర్మంలో దానికి అంత పట్టింపు కూడా లేదు. కానీ రేపు ఆఫీసు విందులో గోమాంసం పెట్టాలని ఎవడైనా రూలు తెస్తే నేను పెట్టను. నా డబ్బు, నా మనస్సాక్షి. అందుకని ఈ విషయంలో జోసఫ్ గారితోనే ఉంటాను.

శిరీష_లా | మధ్యాహ్నం 12:20

శర్మ గారూ, మీలాంటి వ్యాపారుల కేసే సుప్రీంకోర్టుకి వెళ్ళింది.

ఓక్లహోమా సిటీలో గ్రీన్ కుటుంబానిది హాబీ లాబీ అనే క్రాఫ్ట్ సామాన్ల గొలుసు. ఆ నాటికి 500 షాపులు, 13,000 మందికి పైగా ఉద్యోగులు. ఆదివారం మూసేస్తారు. జాబితాలోని 20 పద్ధతుల్లో పదహారింటికి వాళ్ళకి అభ్యంతరం లేదు. రెండు రకాల ఎమర్జెన్సీ మాత్రలు, రెండు రకాల లూప్‌లు మాత్రం వద్దన్నారు. అవి ఫలదీకరణ అయిన అండాన్ని గర్భంలో నిలవనివ్వవని, అంటే ప్రాణం తీసినట్టేనని వాళ్ళ నమ్మకం. జరిమానా రోజుకి 13 లక్షల డాలర్లు, ఏడాదికి 47.5 కోట్లు పడేది. ఇన్సూరెన్స్ మొత్తానికే ఎత్తేస్తే ఏడాదికి 2.6 కోట్లతో పోయేది. ఈ రెండో లెక్క చాలామంది చెప్పరు.

పెన్సిల్వేనియాలో చెక్క కేబినెట్లు చేసే కొనెస్టోగా అనే మెనొనైట్ (ఒక క్రైస్తవ శాఖ) కుటుంబం కంపెనీ కూడా కేసులో కలిసింది. 2014 జూన్ 30న 5-4తో కంపెనీలే గెలిచాయి. తీర్పు రాసినది జస్టిస్ అలీటో. కొద్దిమంది చేతిలో ఉన్న కంపెనీకి కూడా మతస్వేచ్ఛ ఉంటుంది, ప్రభుత్వానికి ఇంతకంటే తక్కువ భారంతో పని జరిపే దారి ఉంది అన్నారు. ఏమిటా దారి? సిస్టర్లకి ఇచ్చిన ఫారమే!

సరిగ్గా మూడు రోజులకి, జూలై 3న, వీటన్ అనే క్రైస్తవ కాలేజీ ఆ ఫారమే మాకు భారం అని వస్తే కోర్టు తాత్కాలికంగా వాళ్ళకీ ఊరట ఇచ్చింది. ముగ్గురు ఆడ జడ్జీలూ విభేదించారు. మొన్న ఏ దారి చూపించారో ఈరోజు దాన్నే మూసేస్తారా అని జస్టిస్ సోటోమయోర్ గట్టిగానే రాశారు. మా ప్రొఫెసర్ ఈ రెండూ ఒకే క్లాసులో చదివిస్తారు, ఏమీ వ్యాఖ్యానించరు.

నిజాంపేట్_కిరణ్ | మధ్యాహ్నం 1:02

శర్మ గారూ, ఆ కేసులో జస్టిస్ గిన్స్‌బర్గ్ విభేదిస్తూ అడిగిన ప్రశ్న మీకోసమే అన్నట్టుంటుంది. ఒక యజమానికి రక్తం ఎక్కించడం తప్పు, ఇంకొకరికి డిప్రెషన్ మందులు తప్పు, మరొకరికి టీకాలు. పంది నుంచి తీసిన పదార్థాలున్న మత్తుమందులూ, సెలైన్లూ, జెలటిన్ పూసిన మాత్రలూ కొందరు ముస్లింలకీ యూదులకీ హిందువులకీ అభ్యంతరం. వీళ్ళందరికీ మినహాయింపు ఇస్తారా అని అడిగారు. హిందువులని ఆవిడ పేరుపెట్టి రాశారు. రేపు మీరు జెలటిన్ క్యాప్సూల్స్ కవర్ చెయ్యను అంటే, మీ దగ్గర పనిచేసే 22 మందిలో థైరాయిడ్ ఉన్నవాళ్ళూ బీపీ ఉన్నవాళ్ళూ ఏం కావాలి?

గోమాంసం పోలిక కుదరదు. విందుకి రాకపోతే ఎవరికీ నష్టం లేదు.

శర్మ_డల్లాస్ | మధ్యాహ్నం 1:30

నేను అలా చెయ్యను కదా.

నిజాంపేట్_కిరణ్ | మధ్యాహ్నం 1:33

మీరు చెయ్యరు, నాకు తెలుసు. మీరు మంచివారన్నది మీ ఉద్యోగుల అదృష్టం. అది వాళ్ళ హక్కుగా ఉండాలి అంటున్నాను.

గుంటూరు_జోసఫ్ | మధ్యాహ్నం 2:10

కోర్టు ఆ భయాలన్నిటినీ పక్కన పెట్టింది. ఈ తీర్పు గర్భనిరోధకాల గురించే, రక్తం, టీకాల కేసులు వేరు అని అలీటో స్పష్టంగానే రాశారు.

ఇంకో సంగతి మర్చిపోతున్నారు. ఈ తీర్పుకి ఆధారమైన 1993 చట్టం పెద్ద కంపెనీల కోసం పుట్టలేదు. ఆరెగాన్‌లో నేటివ్ అమెరికన్ చర్చికి చెందిన ఇద్దరు, వాళ్ళ పూజలో భాగంగా పెయోటీ అనే మత్తు కాక్టస్ తీసుకున్నందుకు ఉద్యోగం పోగొట్టుకున్నారు. నిరుద్యోగ భృతి కూడా ఇవ్వలేదు. 1990లో సుప్రీంకోర్టు వాళ్ళకి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. దాంతో కుడి ఎడమ తేడా లేకుండా అందరూ కలిసి మతస్వేచ్ఛ పునరుద్ధరణ చట్టం తెచ్చారు. సెనేట్‌లో 97-3, సంతకం పెట్టింది క్లింటన్. బలం లేనివాళ్ళకోసం వచ్చిన చట్టం అది. ఇక్కడ మనమూ బలం లేనివాళ్ళమే. రేపు గుడికో మసీదుకో అవసరమైనప్పుడు ఇదే చట్టం కావాలి.

పప్పుచారు | మధ్యాహ్నం 2:25

బలం లేనివాళ్ళు = 500 షాపులు. ఆ మనస్సాక్షి గల కంపెనీయే ఇరాక్ నుంచి దొంగతనంగా వచ్చిన పురాతన మట్టిపలకలు కొని 2017లో 30 లక్షల డాలర్లు కట్టింది. ఉద్యోగుల రిటైర్‌మెంట్ ఫండ్ డబ్బు ఆ మాత్రలు తయారుచేసే కంపెనీల్లోనే పెట్టింది. మట్టిపలకలకి ఓకే, మాత్రలకి నో.

వేదిక_నిర్వాహకుడు | మధ్యాహ్నం 3:00

పప్పుచారు గారూ, మట్టిపలకల మీద విడిగా చర్చ పెట్టుకోండి. జోసఫ్ గారి మతం మీద ఎవరూ వ్యక్తిగతంగా రాయకండి. నిన్న రాత్రి వచ్చిన రెండు పోస్టులు తీసేశాను.

ఫార్మసీ_పద్మ | రాత్రి 8:15

న్యూజెర్సీలో ఫార్మసిస్టుని. పదహారేళ్ళుగా కౌంటర్ వెనకాల నిలబడే చూస్తున్నాను, కాబట్టి రెండు మాటలు.

గర్భనిరోధకానికీ గర్భస్రావానికీ తేడా ఈ చర్చలో సగంమందికి తెలియదు. గర్భస్రావం చేసే మైఫెప్రిస్టోన్ ఈ జాబితాలో ఎప్పుడూ లేదు. ప్లాన్ బీ, అంటే మన దగ్గర ఐ-పిల్ అని అమ్మే మందే, ముఖ్యంగా అండం విడుదల కాకుండా వెనక్కి నెడుతుంది. అప్పటికే గర్భం వచ్చి ఉంటే ఏమీ చెయ్యదు. అయితే న్యాయంగా చెప్పాలి. హాబీ లాబీ కేసు నడిచినప్పుడు ఆ మందు డబ్బా మీదే, అండం గర్భంలో నిలవకుండా కూడా చెయ్యవచ్చు అని రాసి ఉండేది. ఆ వాక్యాన్ని ఎఫ్‌డీఏ 2022 డిసెంబరులో తీసేసింది. హాబీ లాబీ వాళ్ళు గాల్లోంచి పుట్టించలేదు. డబ్బా చదివారు, డబ్బా పాతబడింది.

ఇంకోటి. ఈ మాత్రలు పిల్లలు వద్దనుకునేవాళ్ళే వాడతారు అనుకోకండి. పీసీఓడీ, ఎండోమెట్రియోసిస్, నెలంతా ఆగని బ్లీడింగు... నా దగ్గరికి వచ్చే పద్దెనిమిదేళ్ళ పిల్లల్లో చాలామంది వీటికే వాడతారు. పక్కన తల్లి నిలబడి, పెళ్ళికాని పిల్లకి ఈ మందు ఏమిటి అని మెల్లగా అడుగుతుంది.

రవి గారూ, మొదటినుంచీ చదివాను. చట్టం, కోర్టు, చేపలు, మట్టిపలకలు అన్నీ వచ్చాయి. డాక్టర్ మీ ఆవిడకి లూప్ ఎందుకు రాశారో ఎక్కడా లేదు. కాపర్-టీ యా, హార్మోన్ ఉన్నదా? ఆవిడకి బ్లీడింగ్ సమస్య ఏమైనా ఉందా? అడిగారా?

ఒహాయో_రవి | రాత్రి 8:40

మేడమ్, నిజం చెప్పాలంటే అడగలేదు. పిల్లలు ఇక చాలు అనుకున్నాం, అందుకే రాశారనుకున్నాను. అడిగి చెబుతాను.

హెచ్‌ఆర్ దగ్గర కనుక్కున్నాను. మధ్యేమార్గం కాదు, పూర్తి మినహాయింపేనట. వేరే కార్డు ఏమీ రాదు.

శిరీష_లా | రాత్రి 9:20

అయితే మిగిలిన కథ ఇదీ. 2016లో సిస్టర్లు, మరికొన్ని సంస్థల కేసులు కలిపి సుప్రీంకోర్టుకి వచ్చాయి. జస్టిస్ స్కాలియా ఫిబ్రవరిలో పోయారు, ఎనిమిదిమందే మిగిలారు. ఎవరిది ఒప్పో తేల్చకుండా, మీరూ మీరూ మాట్లాడుకోండి అని కింది కోర్టులకి పంపేశారు. మన ఊళ్ళో పెద్దమనుషుల పంచాయితీ ఎటూ తేలనప్పుడు చేసేది ఇదే.

2017లో ట్రంప్ ప్రభుత్వం వచ్చాక మినహాయింపు ఎవరికి కావాలంటే వారికి దాదాపు తెరిచేశారు. ఫారం నింపడం కూడా ఐచ్ఛికం. మతం కాదు, నైతిక అభ్యంతరం అన్నా చాలు. పెన్సిల్వేనియా, న్యూజెర్సీ రాష్ట్రాలు కోర్టుకి వెళ్ళాయి. 2020 జూలై 8న సుప్రీంకోర్టు 7-2తో ఆ నిబంధనలు పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉందంది. దీనివల్ల 70,500 నుంచి 1,26,400 మంది ఆడవాళ్ళకి కవరేజీ పోవచ్చని ప్రభుత్వమే వేసుకున్న అంచనా. బైడెన్ ప్రభుత్వం నైతిక మినహాయింపు తీసేస్తామని 2023లో ప్రతిపాదించి, దిగిపోయేముందు 2024 డిసెంబరులో వెనక్కి తీసుకుంది. ఈ ఆగస్టు 13న ఫిలడెల్ఫియాలో ఫెడరల్ జడ్జి వెండీ బీటిల్‌స్టోన్ ఆ ట్రంప్ నిబంధనలు తగిన కారణాలు లేకుండా చేశారని కొట్టేశారు.

సంతోషపడకండి. చాలా కేథలిక్ సంస్థలకి విడిగా శాశ్వత ఇంజంక్షన్లు (ఈ నిబంధన తమ మీద రుద్దకూడదన్న కోర్టు ఉత్తర్వులు) ఉన్నాయి, ఈ తీర్పు వాటిని తాకదు.

మీ రాష్ట్రంలో వేరే చట్టం ఉన్నా ఉపయోగం తక్కువే. పెద్ద సంస్థలు ఎక్కువగా ఇన్సూరెన్స్ కొనవు. క్లెయిముల డబ్బు తామే కడుతూ, కాగితాల పనికి మాత్రం ఇన్సూరెన్స్ కంపెనీని పెట్టుకుంటాయి. కార్డు మీద పెద్ద ఇన్సూరెన్స్ పేరు చూసి మోసపోతాం. అలాంటి ప్లాన్ల మీద రాష్ట్రం నియమాలు సాధారణంగా పనిచెయ్యవు.

బిల్లింగ్_సుజాత | రాత్రి 10:05

చట్టం శిరీష చూసుకుంటుంది, బిల్లు నేను చూస్తాను. గైనిక్ క్లినిక్‌లో బిల్లింగే నా ఉద్యోగం.

క్లినిక్ వాళ్ళు మీ క్లెయిముకి జెడ్30 తో మొదలయ్యే కోడ్ పెట్టి ఉంటారు. అంటే గర్భనిరోధకం కోసం వచ్చారు అని. కేథలిక్ ప్లాన్ కంప్యూటర్ అది చూడగానే వెనక్కి కొడుతుంది, మనిషి చదవడు కూడా. ఆవిడకి నిజంగా ఎక్కువ బ్లీడింగ్ ఉండి, డాక్టర్ నోట్స్‌లో అది రాసి ఉంటే కోడ్ వేరు, ఎన్92. అప్పుడు అది జబ్బుకి వైద్యం. లేనిది ఉన్నట్టు రాయించకండి, అది మోసం. ఉన్నది రాయడం మర్చిపోయి ఉంటే మాత్రం సరిచేయించుకోవచ్చు. రోజుకి ఇలాంటివి రెండైనా చూస్తాను.

గుంటూరు_జోసఫ్ | రాత్రి 10:30

సుజాత గారు చెప్పింది మా బోధనకి విరుద్ధం కాదు. నేను చెప్పిన 1968 లేఖలోనే ఉంది: జబ్బు నయం చెయ్యడానికి చేసే వైద్యం వల్ల గర్భం రాకుండా పోతే అది తప్పు కాదు, ఉద్దేశం గర్భం ఆపడం కానంతవరకు. అమెరికా బిషప్పులు హాస్పిటళ్ళకి ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ 53వ నియమం ఇదే చెబుతుంది. రవి గారూ, హెచ్‌ఆర్‌కి మళ్ళీ రాసేటప్పుడు ఆ 53 నంబరు రాయండి. మత కారణం చెప్పి ఆపినవాళ్ళకి ఆ మతంలోనే ఉన్న జవాబు చూపించండి.

నేను వాదన మార్చుకోలేదు. ఆవిడకి వైద్యం అందకూడదని మాత్రం నేను ఎప్పుడూ అనలేదు.

ఫార్మసీ_పద్మ | రాత్రి 10:44

జోసఫ్ గారూ, థాంక్స్. హార్మోన్ లూప్ మిరెనాని ఎక్కువ బ్లీడింగ్‌కి వైద్యంగా కూడా ఎఫ్‌డీఏ 2009లోనే ఆమోదించింది. రాసిందిది అయితే పని సులువు. కాపర్-టీ అయితే బ్లీడింగ్ తగ్గదు సరికదా పెరుగుతుంది, అప్పుడు ఈ దారి లేదు.

నిజాంపేట్_కిరణ్ | రాత్రి 11:01

అంతా బాగుంది. కానీ రోగం ఉంటే దారి, ఆరోగ్యంగా ఉంటే 1,140 డాలర్లు. గిన్స్‌బర్గ్ ఇది కూడా రాశారు. కనీస వేతనం మీద పనిచేసే ఆడమనిషికి ఒక లూప్ ధర దాదాపు నెల జీతమంత అని. రవి గారి హాస్పిటల్‌లో గదులు తుడిచేవాళ్ళకీ ఇదే ప్లాన్. వాళ్ళలో ఎవరికీ ఈ వేదిక లేదు, సుజాత గారూ లేరు.

రాజోలు_పెద్దమ్మ | 9 అక్టోబరు, తెల్లవారి 5:20

నిద్ర పట్టక చదువుతున్నాను. మా అమ్మాయి దగ్గరికి వచ్చి రెండు నెలలైంది. నేను కోర్టులూ కోడ్‌లూ తెలిసినదాన్ని కాను.

1984లో నాకు 23 ఏళ్ళు. రెండోవాడు పుట్టిన నెలకి ఆపరేషన్ క్యాంపుకి తీసుకెళ్ళారు. మా అత్తగారూ నర్సమ్మా వరండాలో మాట్లాడుకున్నారు. నన్ను బస్సెక్కించారు. దాని ముందు మాత్రలనో లూపనో ఒకటి ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. ఇప్పటికీ మా వైపు ఆ ఆపరేషనే, మా తోటికోడళ్ళు ముగ్గురికీ, వాళ్ళ కోడళ్ళకీ అదే. ఖర్చు సర్కారుదే, మందులూ సర్కారువే. మనసులో మాట మాత్రం ఎవరూ అడగరు. అప్పుడు అత్తగారూ నర్సమ్మా మాట్లాడుకున్నారు, ఇక్కడ కంపెనీవాళ్ళూ జడ్జీలూ మాట్లాడుకుంటున్నారు.

బాబూ రవీ, మగవాళ్ళ ఆపరేషన్ చాలా చిన్నదట కదా. అరగంట పని అని మా అల్లుడే చెప్పాడు. ఆ ముక్క ఇంతమందిలో ఒక్కరూ ఎత్తలేదు.

పప్పుచారు | ఉదయం 7:30

పెద్దమ్మా, ఒక్క దెబ్బకి వేదిక మొత్తం నిశ్శబ్దం అయిపోయింది.

శిరీష_లా | ఉదయం 8:10

పెద్దమ్మ గారూ, మీరు అడిగింది చట్టంలో కూడా పెద్ద రంధ్రమే. ఫ్రీగా ఇవ్వాల్సిన జాబితాలో ఆడవాళ్ళ ఆపరేషన్ ఉంది, మగవాళ్ళది లేదు. ఎందుకంటే ఆ జాబితా ఆడవాళ్ళ నివారణ సేవలకే. చిన్నదీ చవకదీ ఏది ఉందో దానికి డబ్బు కట్టాలి. ఇక కేథలిక్ ప్లాన్ అయితే అదీ కవర్ చెయ్యదు.

ఒహాయో_రవి | 12 అక్టోబరు, రాత్రి 9:55

నేను రవి భార్యని, ఆయన ఐడీతోనే రాస్తున్నాను. పేజీలన్నీ ఈరోజు పాపని పడుకోబెట్టి చదివాను. నా లూప్ గురించి ఇంతమంది ఇంత రాశారని నాకు రెండు మూడు రోజుల తర్వాత తెలిసింది.

పద్మ గారు అడిగినదానికి జవాబు: పెద్దవాడు పుట్టాక నుంచి నాకు ప్రతినెలా ఎనిమిది తొమ్మిది రోజులు బ్లీడింగ్. రక్తం తగ్గిపోయి ఐరన్ ఎక్కించారు. ఈ కాన్పు తర్వాత కూడా మళ్ళీ మొదలైంది. డాక్టర్ హార్మోన్ లూప్ రాసింది ముఖ్యంగా దానికే. ఈ మాట నేను రవికి చెప్పాను, ఫోను చూస్తూ ఊఁ అన్నాడు. క్లినిక్ ఫారంలో ఫ్రంట్ డెస్క్ అమ్మాయి "కాన్పు తర్వాత, గర్భనిరోధకం" అని టిక్కు పెట్టేసింది. శుక్రవారం నేనే ఫోన్ చేసి డాక్టర్ నోట్స్‌లో ఉన్నది చదివించాను. కోడ్ మార్చి మళ్ళీ పంపారు. ముందస్తు అనుమతి కావాలట, పది పనిదినాలు పడుతుంది. జోసఫ్ గారు చెప్పిన 53 కూడా ఆ కాగితంలో రాయించాను. క్లినిక్ ఆవిడ ఇదేమిటని అడిగింది, మా ఊరి ఆయన చెప్పారన్నాను. మాది తెనాలి.

పెద్దమ్మ గారూ, మీ పోస్టు రవి చేత రెండుసార్లు చదివించాను.

బిల్లింగ్_సుజాత | రాత్రి 10:20

బాగా చేశారమ్మా. ఒక్కటి గుర్తుంచుకోండి. జబ్బుకి వైద్యం అన్నాక అది నివారణ సేవ కాదు, డెడక్టబుల్ (ఇన్సూరెన్స్ కట్టేముందు ఏడాదికి మన జేబులోంచి పెట్టాల్సిన మొత్తం) పడుతుంది. అయితే ఈ ఏడాదే కాన్పు అయింది కాబట్టి మీ డెడక్టబుల్ ఎప్పుడో నిండి ఉంటుంది. డిసెంబరు 31 దాటనివ్వకండి. జనవరి 1న మీటరు మళ్ళీ సున్నా నుంచి మొదలు.

ఒహాయో_రవి | 24 అక్టోబరు, సాయంత్రం 6:12

అనుమతి వచ్చింది. డెడక్టబుల్ నిండిపోయింది, స్పెషలిస్టు కోపే (వెళ్ళినప్పుడు మనం కట్టే వాటా) 40 డాలర్లు మాత్రమే. నవంబరు 4న అపాయింట్‌మెంట్, పిల్లల్ని నేను చూసుకుంటున్నాను.

పెద్దమ్మ గారు చెప్పినదానికి యూరాలజిస్టుకి కూడా ఫోన్ చేశాను. అది నా జేబులోంచే, 900 అన్నారు. ఇంకా ఆలోచిస్తున్నాను.